ఆరని వీధి

పట్టపగలు వంటింట్లో బల్బు వెలుగుతోంది. కరెంటు కంపెనీలో స్విచ్చిబోర్డు చూసే కొడుకు డ్యూటీకి బయల్దేరాడు. తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇవాళ వెళ్ళకురా. ఏదో జరుగుతుందని గుండె ఒకటే కొట్టుకుంటోంది."

"కొట్టుకోనీ అమ్మా. ఆగితే కదా కంగారు పడాలి!"

"వేళాకోళమా? యుద్ధం రోజులు. ఎక్కడ ఏ బాంబు..."

"పగటిపూట ఈ బల్బెందుకు? ఆర్పేస్తా, జరుగు."

"ఆర్పకు! ఆర్పితే పసిగుడ్డు ఏడుపు వినిపిస్తోంది."

"అమ్మా..."

"నిజంరా. లోపల పడుకుంది చూడు, మీ చెల్లి, దానికీ వినిపిస్తోందట. నాలుగు రోజులే బతికాడు దాని కొడుకు. ఆస్పత్రి అద్దాలపెట్టెలో వెచ్చగా ఉన్నవాడు, కరెంటు పోయిన గంటకే చల్లబడిపోయాడు. ఆ లైను తీసినవాడెవడురా?"

"నాకేం తెలుసు?"

"బోర్డు దగ్గర కూర్చునేది నువ్వేగా!"

"నేనొక్కణ్ణేనా? ముగ్గురం. షిఫ్టులు మారుతుంటాయి. టైమైపోతోంది, దారియ్యి."

"వాడి చెయ్యి పడిపోను!"

"తిట్టకమ్మా."

"తిడతా. ఆ సాయంత్రం ఊరంతా చీకటి, మన వీధొక్కటే వెలుగు. దేవుడు చల్లగా చూశాడనుకున్నా. అక్కడేమో పసివాడు... అంత తియ్యాల్సొస్తే ఆ తుపాకుల ఫ్యాక్టరీ లైను తియ్యలేకపోయాడా?"

"తియ్యకూడదు. సర్కారు మా కంపెనీకి అప్పిచ్చిందే ఆ షరతు మీద. ఫ్యాక్టరీకి ఒక్క నిమిషం కరెంటు పోయినా అప్పు ఆపేస్తారు, కంపెనీకి తాళమే. లోడు ఎక్కువైతే మిగతావాటిల్లో తియ్యాల్సిందే."

"అందుకని ఆస్పత్రిదా?"

"ఆస్పత్రిలో జనరేటరుంది. ఉందనే రాశారు. ఆ అప్పుతోనే కొని పెట్టించామని ఓనరు సర్కారుకి పంపిన కాగితం బోర్డు పక్కనే అంటించారు. నమ్మాం. తీరా వెళ్ళి చూస్తే జనరేటరు ఉండాల్సిన చోట ఉత్త సిమెంటు దిమ్మె."

"వెళ్ళి చూశావా? ఎప్పుడు? ఆ సాయంత్రం షిఫ్టు ఎవరిదిరా?"

"టైమైపోతోందమ్మా, జరుగు."

"నీదేనా? సరే, నీదే అనుకో. తియ్యడానికి ఇంకే లైనూ లేదా? ఒక్కటైనా? నీకు దణ్ణం పెడతాను, నోరు విప్పు. చెల్లి లేచొచ్చి తలుపు దగ్గర నిలబడింది. దానికైనా చెప్పరా, నాన్నా."

"రెండే మిగిలాయి. ఆస్పత్రి, మన వీధి. చీకటంటే నీకు ప్రాణం పోతుంది కదమ్మా... మన వీధి ఎప్పుడూ ఆర్పనని నీకే మాటిచ్చాను."