నారికురుపు రిపోర్టు, పద్నాలుగు పలకలు

నా పేరు మార్తమ్మ. తండ్రి పేతురు. వయసు ఇరవై తొమ్మిది. కొనకనమిట్ల మిషన్ బడిలో టీచరును. సర్కారు పుస్తకం దొంగిలించానని నా మీద కేసు. 1933 జూన్ 19, ఉదయం పదకొండు గంటలకు మార్కాపురంలో మేజిస్ట్రేటు గారి ముందు చెబుతున్నాను. కూర్చోమన్నారు. నిలబడే చెబుతానన్నాను.

నిరుడు వేసవిలో ఒక డాక్టరు గారు మా పేటలో నలభై రోజులు ఉన్నారు. నారికురుపు లేచిన ప్రతి కాలూ చూసి రాసుకున్నారు. బావినీళ్లు సీసాల్లోకి పట్టారు. మా అమ్మ మగ్దలీనమ్మ మడమలోని పురుగును పుల్లకు చుట్టి, రోజూ కొంచెం లాగి, రెండు మూరలు తీశారు.

"ఇది నా కాల్లోకి యాడనుంచి వచ్చింది నాయనా?" అని అమ్మ అడిగింది.

"రిపోర్టులో రాస్తానమ్మా" అన్నారు.

ఈ మార్చిలో ఆ రిపోర్టు ఇంగ్లీషులో అచ్చయి మార్కాపురం వచ్చింది. దాన్ని ఉంచిన ఆఫీసుకు మూడుసార్లు వెళ్లాను. గుమాస్తా రంగనాయకులు గారు మూడుసార్లూ ఒకటే మాట చెప్పారు.

"ఇది పై ఆఫీసర్లకమ్మా. మీకు చూపమని ఆర్డరు లేదు."

"కాళ్లు మాయే గదయ్యా" అన్నాను. ఆయన పుస్తకాన్ని బీరువాలో పెట్టేశారు.

మే 22 సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి మళ్లీ వెళ్లాను. ఆయన భోజనానికి వెళ్లారు. ఆ రోజు పుస్తకం బల్ల మీదే ఉంది. అడగకుండా తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. బండి ఎక్కి పేటకు వచ్చాను.

పదకొండో పేజీలో ఉంది. కురుపు కాలితో దిగుడుబావిలో దిగితే పురుగు పిల్లలు నీళ్లలో చేరతాయి. ఆ నీళ్లు తాగితే ఏడాదికి కురుపు లేస్తుంది. గుడ్డతో వడగట్టి తాగితే రాదు. అంతే. ఒక గుడ్డ. మార్చి నుంచి ఆ మాట బీరువాలో ఉంది. మార్చి నుంచి మేం ఆ నీళ్లే తాగాం.

పలకల గనిలో పనిచేసే మేనమామ రాజరత్నం విరిగిన పలకలు పద్నాలుగు ఇచ్చాడు. వాటి మీద ఆ మాటే మేకుతో తెలుగులో చెక్కి, చుట్టుపక్కల బావుల మెట్ల మీద పెట్టాను. 25వ తేదీన పుస్తకం నేనే తిరిగి ఇచ్చాను. "చదివినానయ్యా" అని చెప్పాను కూడా.

జూన్ 12న పోలీసులు పలకలన్నీ సాక్ష్యానికని తెచ్చారు. ఇప్పుడు అవి ఈ గది మూలన ఉన్నాయి. బావుల దగ్గర లేవు. ఈ పొద్దున కూడా నీళ్లు ముంచుకునే ఉంటారు. నాకు శిక్ష వేయండి. పలకలు మాత్రం ఈరోజే పంపించండి.

ఇక్కడ, ఇది రాస్తున్న రామసుబ్బయ్య గారు కలం ఆపారు.

"గుడ్డ ఎన్ని మడతలెయ్యాల్నమ్మా?"

మేజిస్ట్రేటు గారు వద్దనలేదు. మందపాటి గుడ్డ, రెండు మడతలని చెప్పాను. అది కూడా రాయమన్నారు.

దీన్ని నాకు చదివి వినిపించారు, నేనూ చదువుకున్నాను. 'దొంగిలించి' అన్నచోట 'అడగకుండా తీసుకుని' అని దిద్దించాను. ఇందులో ఉన్నది జరిగినదే.

(సంతకం) పి. మార్తమ్మ