తౌనో ఫోనులో నలభై వయొలిన్లు

డాన్సు హాల్లో అకార్డియన్ వాయించే మనిషి నిచ్చెన మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. శనివారమే నడివేసవి పండగ. ఇక టాంగో డాన్సు పాటలు ఎవరు వాయించాలో తేల్చడానికి హాలు చూసుకునే హిల్కా, పడవలు బాగుచేసే ఎస్కో, టిక్కెట్లు చింపే ముసలావిడ హెల్వి సరస్సు వైపు మెట్ల మీద కాఫీ పెట్టుకుని కూర్చున్నారు. తౌనోని ఎవరూ పిలవలేదు. వచ్చి, యాలకుల బన్నొకటి అందుకుని, పై మెట్టు ఎక్కాడు.

"ఇంకొకళ్లెందుకు హిల్కా? నేనూ నా ఫోనూ చాలం. పన్నెండేళ్ల కిందట ఇక్కడే వాయించాను, నువ్వప్పటికి ఈ ఊరు రాలేదు. పాత ఫోను, మెమరీ పిడికెడు. వాయిద్యాల యాప్ తెరిస్తే చోటు చాలదంది. నేనేం కంగారు పడలేదు. వెనకాల ఊరికే తెరుచుకున్న మ్యాపులూ, వాతావరణం యాపూ, అన్నీ మూసేశాను. పియానో లేచి కూర్చుంది."

"అది మా అమ్మాయీ చేస్తుంది" అన్నాడు ఎస్కో.

"విను మరి! పియానోకి ఎనభై ఎనిమిది మెట్లు. టాంగోకి అన్నెందుకు? అటు ఇరవై, ఇటు ఇరవై కోసి పారేశాను. ఆ ఖాళీలో వయొలిన్లు ఎక్కించాను, నలభై. మళ్లీ చోటు చాలదంది. ఏం చేశానో తెలుసా? ప్రతిధ్వని తీసేశాను. మెమరీ సగం తినేది అదే. ఎదురుగా ఇంత సరస్సు పెట్టుకుని ప్రతిధ్వని ఫోనులో మోయడమేంటి? స్పీకరు నీళ్లవైపు తిప్పాను. అవతలి గట్టు తాకి పాట వెనక్కొచ్చింది. కాస్త ఆలస్యంగా వచ్చేది. అందుకని నేనే పాటలో ఒక వరస ముందుండేవాణ్ణి."

"గాలి వీస్తేనో?" అంది హిల్కా.

"గాలికి శ్రుతి పెట్టుకున్నాను. ఇంతలో జనం బాకాలు కావాలన్నారు. బాకాలకి చోటేదీ? రెండొందల మంది ఫోన్లు అడిగి తీసుకుని ఈ మెట్ల కమ్మీ మీద వరసగా పేర్చాను. ఒక్కో ఫోనులో ఒక్కో బాకా. అదీ నిండిపోయింది. అప్పుడు చూశాను, కళ్లు మూసుకుని డాన్సు చేసేవాళ్ల బుర్రలు ఖాళీగానే ఉన్నాయి కదా!"

"ఓరి నీ..."

"ఒట్టు ఎస్కో! సెల్లో అని పెద్ద వయొలిన్ ఉంటుందే, దాన్ని తీసుకెళ్లి మీ పెదనాన్న బుర్రలో పెట్టాను. పాపం, ఇల్లు మర్చిపోయి పాస్టరుగారింటికెళ్లి పడుకున్నాడు. ఇప్పటికీ ఆయన తుమ్మితే చివర్లో ఆ సెల్లోయే పలుకుతుంది, చెవిపెట్టి విను. ఊరు ఊరంతా నిండిపోయాక పక్క ఊరి బుర్రలు వాడాను. వారం రోజులు అక్కడ పోస్టుమానుకి వీధులు గుర్తు రాలేదు. నువ్వు శనివారానికి ఊ అను హిల్కా, ఈసారి జిల్లా మొత్తం..."

హెల్వి కప్పు కింద పెట్టింది.

"ఒరే తౌనో, ఆ రోజు నేనూ మా ఆయనా డాన్సులోనే ఉన్నాం. మొదటి టాంగో సగంలో నీ ఫోను బిగుసుకుపోయింది. ఎంత పొడిచినా కదల్లేదు. ఒక్కటే స్వరం, బూ... అని, బ్యాటరీ చచ్చేదాకా అరగంట."

"మరి జనం?" అంది హిల్కా.

"టిక్కెట్టు కొన్నారు కదమ్మా. ఆ బూకే అడుగులేశారు."

ఎవరూ నవ్వలేదు. హిల్కా ఫోను తీసి, పక్క ఊళ్లో అకార్డియన్ వాయించే ఆవిడ నంబరు కలిపింది. అవతలి మనిషి శనివారం ఖాళీయేనట.

తౌనో వేళ్లకంటిన చక్కెర నిదానంగా నాక్కున్నాడు.

"అరగంటలో ఒక్కసారైనా శ్రుతి తప్పిందా పిన్నీ?"

హెల్వి సరస్సు వైపు చూస్తూ కప్పు మళ్లీ అందుకుంది.

"లేదురా" అంది. "అది మాత్రం తప్పలేదు."