అయిదు నుంచి ఆరు: సున్నా లీటర్లు

కాదు మేడమ్, మళ్ళీ అదే మాటంటారేంటి. మీటరు బాగానే ఉంది, మీటరు బాగానే ఉంది. నీళ్ళ ఆఫీసులో ఈ కౌంటరు వెనకాల కూర్చుని చెప్తున్నారు, మా ఇంటి గోడకున్న మీటరు సంగతి మీకెలా తెలుస్తుందండీ?

ఆ, అవునులెండి. గాల్లోంచి తెలుస్తుంది. అదేగా నా ఏడుపు.

పాత మీటరున్నప్పుడు ఎంత మర్యాదగా ఉండేది. మూణ్ణెల్లకోసారి రీడింగు తీసే ఆయన వచ్చేవాడు. టార్చిలైటు వేసి, ముక్కు మీదకి కళ్ళద్దాలు లాక్కుని, ఓ అంకె రాసుకుని వెళ్ళిపోయేవాడు. ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే అంకె. ఎవరు ఎన్ని చెంబులు పోసుకున్నారు, ఏ టైముకి పోసుకున్నారు అని ఏనాడన్నా అడిగాడా ఆయన? ఇప్పుడీ డబ్బా వచ్చింది. అరచెయ్యంత లేదు, వైరన్నా లేదు, నోరు మాత్రం ఇంత పెద్దది. గంటగంటకీ మా ఇంటి గుట్టంతా మీ కంప్యూటరు చెవిలో ఊదేస్తోంది.

ఇదిగో, మీరు పంపిన కాగితమే. చదవండి. ఉదయం అయిదు నుంచి ఆరు, సున్నా లీటర్లు. ఒకరోజు కాదు, అరవై రోజులు, అరవై సున్నాలు. ఆ గంటలో మా బాత్రూములో ఉండేదెవరనుకున్నారు? నేను. తొమ్మిదేళ్ళుగా, ఎండనక వాననక. పక్కింటాయన నా చెంబు చప్పుడు విని నిద్ర లేస్తాడు, కావాలంటే అడగండి. మరి సున్నా అంటే ఏంటండీ అర్థం?

నవ్వకండి మేడమ్. లైన్లో నా వెనకాలాయన కూడా వింటున్నాడు. అయ్యా, మీరు విరిగిన కుళాయి పట్టుకొచ్చారు కదా, దాన్ని చూసుకోండి.

సరే, నా మాట పక్కన పెట్టండి. కింద గడి చూడండి. ఆరు నుంచి ఏడు, అదీ సున్నా. అది మా ఆవిడ స్నానం టైము. నేను బయటికి రావడం, ఆవిడ లోపలికి వెళ్ళడం. నేను వంటింట్లో బిందె నీళ్ళతో టీ పెడుతూ ఆ చెంబు చప్పుడు రోజూ ఈ చెవులతో వింటాను. నన్ను అనుమానిస్తే అనుమానించారు, మా ఆవిడని కూడానా? కాబట్టి మీటరే తప్పు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఏడు నుంచి ఎనిమిది సరిగ్గానే ఉందా? ఉంటుంది, పిల్లలు ముగ్గురూ షవరు కింద గంతులేస్తారు కాబట్టి రెండొందల లీటర్లు పడుంటుంది. అయితే? ఆగిపోయిన గడియారం కూడా రోజుకి రెండుసార్లు రైటే చెప్తుంది మేడమ్.

ఇదిగో, ఇంకోటి. మధ్యాహ్నం రెండింటికి డెబ్భై లీటర్లట. ఆ టైముకి ఇంట్లో పురుగుండదు. పిల్లలు బడిలో, మా అత్తగారు పక్కవీధిలో వాళ్ళ చెల్లెలి దగ్గర, నేను లాండ్రీలో. మా ఆవిడ ఒక్కతే. ఒక్క మనిషి తిన్న ఒక్క పళ్ళేనికి డెబ్భై లీటర్లా?

గిన్నె సంగతా. అది కూడా మీ కంప్యూటర్లో ఉందా. ఆహా.

అవును, నేనే బోర్లించాను. మా అత్తగారి పెద్ద గిన్నె, దళసరిది. ఇనుము అడ్డుంటే సిగ్నలు వెళ్ళదని లాండ్రీలో మా ఎలక్ట్రీషియను చెప్పాడు. ఇనుము దొరకలేదు, గిన్నె దొరికింది. తలుపు లేని గూట్లో ఉంటుంది కదా మీటరు, దానికి టోపీలా పెట్టి తాడుతో కట్టాను. ఒక్క రోజు హాయిగా ఉన్నాం. రెండో రోజుకల్లా మీవాడు బండేసుకుని వచ్చి, మీ మీటరు మాట్లాడట్లేదండీ అన్నాడు. ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, అయ్యో, ఏమైంది దానికి అన్నాను. ఇంతలో మా అత్తగారు వచ్చి, నా గిన్నె ఇక్కడుందేంటి అంది. ఏం చెప్పను? వాన పడితే తడుస్తుందని కప్పానన్నాను. నీళ్ళ మీటరుని.

ఆవిడ నమ్మిందండీ. అదే నా బాధ. ఆవిడ నేనేం చెప్పినా నమ్ముతుంది.

మేముంటున్నది ఆవిడింట్లోనే. మీటరూ ఆవిడ పేరు మీదే. ఆవిడ దృష్టిలో నేను సూర్యుడికంటే ముందు లేచి స్నానం చేసే మహానుభావుణ్ణి. ఆ మాట పట్టుకుని మా తోడల్లుణ్ణి, అంటే మా మరదలి మొగుణ్ణి, తొమ్మిదేళ్ళుగా దులిపేస్తోంది. పెద్దల్లుణ్ణి చూసి నేర్చుకో అంటుంది. నువ్వు తొమ్మిదైనా మంచం దిగవు, ఆయన చూడు అంటుంది. పాపం నోరెత్తేవాడు కాడు. ఇప్పుడు వాడికి ఫోన్లో చూసే మీ మీటరు యాపు దొరికింది. ఆదివారం భోజనానికొచ్చి ఆవిడ ఫోనుని టీవీకి తగిలిస్తాడట. గంటగంటకీ ఎవరెంత వాడుతున్నారో అందరం కూర్చుని చూద్దాం అత్తయ్యా అన్నాడు. ఆవిడ చప్పట్లు కొట్టింది.

అందుకే మేడమ్. మీటరు చెడిపోయింది, పాత లెక్క చెల్లదు అని ఒక్క ముక్క రాసి, ముద్ర కొట్టి, ఆ సున్నాలు చెరిపెయ్యండి. ఆదివారం లోపల. నా పరువు మీ చేతిలో ఉంది.

పరీక్షా? ఎప్పుడు? రేపు పొద్దున్న అయిదింటికి మనిషిని పంపిస్తారా? నేను స్నానం చేస్తుంటే అతను మీటరు దగ్గర నిలబడి చూస్తాడా?

వద్దు.

వద్దంటే వద్దు మేడమ్, అంత పొద్దున్నే ఎవర్నీ కష్టపెట్టడం నాకిష్టం ఉండదు.

సరే. కొంచెం ఇటు వంగండి. అయ్యా కుళాయీ, మీరు కాస్త వెనక్కి.

నేను స్నానం చెయ్యను. ఇంట్లో చెయ్యను అంటున్నాను, అసలు చెయ్యనని కాదు. నేను మురికివాణ్ణి కాదండీ. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తాను, అక్కడ బాయిలర్లో పొగలు కక్కే నీళ్ళుంటాయి. డ్యూటీ దిగాక శుభ్రంగా అక్కడే పోసుకుని వస్తాను. ఇంట్లో అయిదింటికి తలుపు గడియ పెట్టుకుని, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంటాను. ఎర్ర బకెట్టు ఒకటుంది, నిండా నీళ్ళు. పిల్లలూ అత్తగారూ షవరే, దాన్ని ముట్టుకోరు. చెంబుతో ముంచుతాను, పైకెత్తి మళ్ళీ అందులోనే పోస్తాను. ముంచుతాను, పోస్తాను. చప్పుడు కోసం.

ఎందుకంటే ఏం చెప్పను. ఆరుగురం, రెండు గదులు, ఒక బాత్రూము. కళ్ళు తెరిస్తే నాన్నా నా బూటేదీ, బాబూ నా కళ్ళజోడేదీ, ఏమండీ గ్యాసు అయిపోయింది. లాండ్రీకెళ్తే మిషన్ల మోత. కాపురానికొచ్చిన మొదటి వారం, ఎవరూ పిలవని చోటని పోయి అందులో కూర్చున్నాను. బయటినుంచి, ఇంకా స్నానం కాలేదా అన్నారు. రెండు చెంబులు చప్పుడు చేశాను. బయటికొస్తే మా అత్తగారు, ఎంత శుచో అని మురిసిపోయింది. అంతే, ఇరుక్కుపోయాను. ఆ గంటలో నేనేం చెయ్యను మేడమ్. ఆలోచించను కూడా. ఊరికే కూర్చుంటాను. ఆ ఒక్క గంట లేకపోతే మిగతా ఇరవైమూడూ నావల్ల కాదు.

చెప్పేశాను. ఇప్పుడన్నా రాస్తారా?

ఏంటది? ఇంకో దరఖాస్తా? మా ఇంటి నంబరు మీదేనా? నిన్ననా? ఎవరిచ్చారు? తోడల్లుడా?

మా ఆవిడా?

ఉండండి, కాగితం పరుపు కింద దాచానే. ఛ, దుప్పట్లు మార్చేది ఆవిడే కదా. ఇలా ఇవ్వండి, చదువుతాను. మా ఇంటి మీటరు చెడిపోయినది. ఉదయం ఆరు నుంచి ఏడు వరకు నేను స్నానం చేయుచుండగా సున్నా చూపుచున్నది. అంతేకాక, అయిదు నుంచి ఆరు వరకు మా వారు స్నానం చేయుచుండగా... చప్పుడు నేను స్వయంగా వినుచుండగా... మా వారిని అనుమానించుట...

నన్నే సాక్ష్యం పెట్టింది మేడమ్.

అంటే ఆ చెంబు చప్పుడు... మరి మధ్యాహ్నం రెండింటి డెబ్భై లీటర్లు... ఓహో. ఇల్లు ఖాళీ అయ్యాక, తీరిగ్గా.

ఆవిడ కూడా ఆ స్టూలు మీదే కూర్చుంటుందన్నమాట. కూర్చోదూ మరి. నన్ను పిలిచినదానికి పదింతలు పిలుస్తారు ఆవిడని. అందులో సగం నేనే పిలుస్తాను.

మీకో సంగతి చెప్పనా? రోజూ పొద్దున్న నేను వెళ్ళేసరికి ఆ బకెట్టు నిండా ఉంటుంది. పిచ్చిది, నాకోసం నింపి పెడుతోంది అనుకున్నాను, తొమ్మిదేళ్ళూ. ఆవిడ వెళ్ళేసరికీ నిండానే ఉంటుందిగా. మా ఆయనకి ఎంత ప్రేమో అనుకునుంటుంది.

ఎవరూ నింపలేదు మేడమ్. నింపాల్సిన పనే రాలేదు.

వద్దులెండి, ఏమీ చెరపకండి. నా దరఖాస్తు చింపెయ్యండి. తోడల్లుణ్ణి టీవీ పెట్టుకోనివ్వండి. మా అత్తగారు నన్ను తిట్టాలంటే కింద గడిలో ఉన్న కన్నకూతుర్నీ తిట్టాలి. ఆవిడ చచ్చినా తిట్టదు. ఈ మీటరే దొంగముండదని తనే తేల్చేసి, మళ్ళీ ఆ తోడల్లుడి మీదే పడుతుంది, పాపం.

నేనొచ్చినట్టు మా ఆవిడకి మాత్రం చెప్పకండి. ఏంటీ, ఆవిడా అదే చెప్పి వెళ్ళిందా? సరే, అయితే ఎవరూ రాలేదు.

వెళ్తాను మేడమ్. అయ్యా, రండి, మీ కుళాయి చూపించుకోండి. నేను తొందరగా ఇంటికెళ్ళి ఆ బకెట్టు పారబోసి తోమాలి. తొమ్మిదేళ్ళ నీళ్ళవి.