కొసరి వేసిన పూరీలు

"మే పదకొండున మామిడిరసంతో తొమ్మిది పూరీలు తిన్నాను. గుర్తుందా దాదా?"

"ఎందుకుండదు? ఆరు నువ్వు అడిగి తిన్నావు, మూడు నేను కొసరి వేశాను."

రాజ్‌కోట్‌లో భోజనాలయ్యాక తాతా, పదేళ్ల మనవరాలూ వీధిలో నడుస్తున్నారు. పిల్ల బరువు మితిమీరిందని, రోజూ నడిపించమని డాక్టరు చెప్పినప్పటినుంచి, తప్పంతా తన చేతిదేనని ఆయన లోలోపల నొచ్చుకుంటున్నాడు.

"నాకు ఆరుతోనే కడుపు నిండింది దాదా. వద్దంటే నువ్వు చిన్నబుచ్చుకుంటావని తిన్నాను."

ఆయన ఆగిపోయాడు. "కొసరకపోతే నువ్వు చిన్నబుచ్చుకుంటావని నేను వేశానే."

"అంటే ఆ మూడూ ఎవరికీ అక్కర్లేదన్నమాట."

ఇద్దరూ నవ్వుకున్నారు.

"ఇకమీదట నువ్వు చాలంటే చాలు, సరేనా?"

"నీ చెయ్యి ఊరుకుంటుందా?"

"ఊరుకోదు. కీరా ముక్కలు కొసరుతాను."

"సరే. పోయినేడు గర్బాలో సగంలోనే ఆయాసమొచ్చి కూర్చుండిపోయాను. ఈ నవరాత్రికి చివరిదాకా ఆడాలి."

"అయితే ఇంకొక్క చుట్టు నడువు, నా కోసం."

"నీ కోసం కాదు దాదా, నా కోసం."

ఆ మాటతో ఆయన మనసు తేలికపడింది. చుట్టు పూర్తయ్యేసరికి ఆయాసపడింది ఆయనే. మనవరాలు చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. పిల్ల లోపలికి వెళ్లాక, ఇంట్లోవాళ్లు నిద్రపోయారని ఆయన చప్పుడు కాకుండా తలుపు వేశాడు.