ఒంటెకు మక్మల్ అంగీ

ఇయ్యాల గూడ కాలె చెల్లె, నీ జాకెట్. కోపానికి రాకు. మిషను మీద ఆ ఎర్ర మక్మల్ బట్ట చూసినవు కదా, అది అయినంకనే ఎవలదైనా. పెండ్లిపిల్లదా అని అడుగుతున్నవా? కాదు. ఒంటెది.

నవ్వు, నవ్వు. ఈ హూరా గల్లీలల్ల ఇంతమంది టైలర్లున్నరు, ఒంటెకు అంగీ కుట్టే మొగోడు ఈ రాజనర్సు ఒక్కడే. మా అవ్వ బతికుంటే ఊరంత చెప్పుకునేది, నా కొడుకు దుబాయిల పెద్దపెద్దోళ్లకు కుడుతున్నడని. ఆమెకు ఏ అరబ్బు దేశమైనా దుబాయే. పెద్దోళ్లే మరి. ఎత్తు చూడు.

కూసో భూలక్ష్మీ. శుక్రారం కదా, పొద్దుగూకే దాక మీ మేడం నిన్ను అడుగది. మళ్ల ముహర్రక్ దాక పోవాలె, చాయ్ తాగి పో. చెప్త.

సాఖిర్ ఎడారిల మా కఫీల్, అదే నాకు వీసా ఇచ్చిన అరబ్బు సేటు, ఆయన తమ్మునికి ఒక క్యాంపు ఉన్నది. కువైట్ యుద్ధం అయినంక తెల్లోళ్లు మస్తు వస్తున్నరు కదా, చలికాలం డేరాలేసి, వాళ్లను జీపులల్ల తెచ్చి ఒంటెలెక్కిస్తరు. పోయినేడు ఒక ఇంగ్లీషామె ఒంటె దిగి, జీను కింద చెయ్యి పెట్టి చూసింది. మూపురం పక్కన పుండు. అరచెయ్యంత. ఆమె హోటల్‌కు పోయి లొల్లి పెట్టింది. హోటలోళ్లు క్యాంపు మేనేజరుకు ఫోను చేసి, ఇంకోపారి గిట్లయితే మా గెస్టులను మీ దగ్గరికి తోలం అన్నరు.

పాపం, మేనేజరు కండ్లల్ల నీళ్లు తిరిగినయట. ఒంటె గురించి కాదు, హోటల్ గురించి.

ఏం జేసిండంటవా? డాక్టర్ను పిలిచిండా అంటవా? నువ్వు నిన్న మొన్న విమానం దిగినట్టు మాట్లాడుతవు. టైలర్ను పిలిచిండు.

టేపు మెడల ఏసుకొని జీపుల పోయిన. అక్కడ ఒంటెలను చూసుకునేటాయన రౌషన్ భాయ్, పాకిస్తానాయన, ఒంటెను కూసోబెట్టిండు. దాని మెడల ఇంగ్లీషు బోర్డు, 'ప్రిన్సెస్' అని. అంటే రాజకుమారి అట. రాజకుమారి వీపు మీద ఈగలు. జీను ఒరుసుకొని ఒరుసుకొని తోలు లేచిపోయింది. నేను టేపు పెట్టంగనే ఒళ్లంత వణికింది. ఇన్నేండ్లల్ల ఎంతమంది కొలతలు తీసిన, ఎవలూ గట్ల వణకలె.

"సాబ్, కొన్నాళ్లు జీను దించితే మానుతది కదా" అన్న మేనేజరుతోని.

"మాస్టర్, నువ్వు డాక్టరువా, టైలరువా?"

"టైలర్నే సాబ్."

"మరి కుట్టు. ఎర్రదే కుట్టు, నెత్తురు కారినా కనబడొద్దు. అద్దాలు పెట్టు, చూసేటోళ్ల కండ్లు అద్దాల మీదికే పోవాలె."

తెలివి చూడు. గంత తెలివి ఉండబట్టే ఆయన నీడకు కుర్సీల కూసున్నడు, నేను ఎండల ఒంటె డొక్కలు కొలుస్తున్న.

కుట్టిన. కని నా బుద్ధి ఊకుండదు కదా. మన ఆడోళ్లు నెత్తి మీద బిందె కింద పెట్టుకునే చుట్టబట్ట లేదా, గట్ల లోపల లైనింగుల ఫోము గుండ్రంగ పెట్టి కుట్టిన. జీను బరువంత చుట్టూ పడాలె, నడిమిట్ల పుండుకు తగలొద్దు. కొన్నాళ్లకు రౌషన్ భాయ్ కబురు చేసిండు, పుండు అంచులు ఆరుతున్నయని. ఆ దినం నేను అన్నం కడుపునిండ తిన్న.

చిక్కు ఫోటోల కాడ వచ్చింది. ఫోము ఉన్న కాడ బట్ట ఉబ్బి కనబడుతున్నదట. రాజకుమారికి రెండో మూపురం మొలిచినట్టున్నదట. తీసెయ్యి అన్నడు మేనేజరు. తీయనన్న. "నీ వీసా ఎవరి చేతిల ఉన్నది మాస్టర్?" అని అడిగిండు, నవ్వుకుంటనే.

నువ్వయితే ఏం జేద్దువు? ఆ, గదే. నేను గూడ గదే చేసిన. కుట్లు విప్పి ఫోము తీసిన. ఇస్త్రీ గూడ చేసిచ్చిన. పని సాపుగ ఉండాలె కదా.

ఈ చలికాలం ఆ ఇంగ్లీషామె మళ్ల వచ్చింది. మక్మల్ బట్ట చూసి మస్తు ఖుషీ అయ్యిందట. నా మాట విని ఎంత మంచిగ అర్సుకుంటున్నరు అని మేనేజరు చెయ్యి పట్టుకొని ఊపిందట. ఈపారి జీను కింద చెయ్యి పెట్టలె. అద్దాలల్ల ఆమె మొకమే ఆమెకు కనబడ్డది కదా.

ఏందీ, నువ్వు గూడ ఎక్కినవా? ఎన్నడు? మీ మేడం పిల్లలను పట్టుకునేటందుకు ఎక్కిచ్చిందా? ఎర్ర బట్టేనా? అంచుకు జరీ కుచ్చులు? ఇగ అదే.

మెత్తగ ఉండెనంటవా. ఉంటది. లేచేటప్పుడు మూలిగిందా. పిల్లలు అది పాట పాడుతున్నదని నవ్విండ్రా.

చాయ్ కింద పెట్టకు, తాగు. నీకెట్ల తెలుస్తది చెల్లె? ఎక్కుమంటే నువ్వు ఎక్కినవు, కుట్టుమంటే నేను కుట్టిన, లెవ్వుమంటే అది లేచింది. ముగ్గురం డ్యూటీ చేసినం.

పోయిన వారం మాత్రం అది లేవలె. ఒక లావాటాయన ఎక్కి కూసున్నడట. రౌషన్ భాయ్ బతిలాడిండు, మేనేజరు తాడు గుంజిండు, కాలితోని తన్నిండు. ఎనుక కాళ్ల మీద సగం లేచి మళ్ల కూలబడ్డది. ఇసుకల మెడ సాపింది. ఖలాస్. తెల్లారి లారీ వచ్చి తీసుకపోయింది. టూరిస్టులు అడిగితే రెస్టుకు పంపినం అంటున్నరు. ఎక్కడికి సాబ్ అని రౌషన్ భాయ్ అడిగితే, కసాయోన్ని అడుగు అన్నడట మేనేజరు. మంచి రెస్టే. ఇగ ఎవలూ లేపరు.

బట్ట మాత్రం మిగిలింది. రౌషన్ భాయ్ ఉతికి తెచ్చి నా ముందట పెట్టిండు. ఎనుకనే మేనేజరు ఫోను. కొత్త ఒంటె వచ్చింది, పడుచుది, చిన్నగున్నది, దీన్నే కురచ చేసియ్యి అని. మెడల బోర్డు గూడ గదేనట. రాజకుమారులకు కొదువేమున్నది?

నిన్న పోయి కొలతలు తీసిన. వీపు సాఫ్‌గ ఉన్నది, ఒక్క గీత లేదు. వణకలె. నా టేపును నోట్ల పెట్టుకొని నమిలింది. రౌషన్ భాయ్ మొకం అటు తిప్పుకున్నడు.

ఫోము పెడుతున్నవా అంటవా? ఎందుకు? పుండే లేదు కదా ఇంకా.

ఇగో, ఇటు చూడు, ఈ మడత. కురచ చేసినంక మిగిలిన బట్ట కోసి పారేద్దామని కత్తెర పట్టిన. కొయ్యలె. లోపలికి మడిచి కుడుతున్న. ఎప్పుడైనా కుట్లు విప్పి పెద్దగ చేసుకోవచ్చు. ఒంటె పెరుగుతది కదా చెల్లె, కప్పవలసింది గూడ పెరుగుతది. గిట్ల కుట్టుమని మేనేజరు చెప్పలె. నాకే తట్టింది.