చందమామకి ఎర్రజెండా

"ఒరే దినకర్, నువ్వా అంతరిక్షం సినిమా మూడుసార్లు సూసినావు గదా? ఓడ పడిపోయినపుడు దాని కుడిపక్క తలుపు మీద ఒక సొట్ట కనబడతాది, సూసినావా? ఆ సొట్ట నాది."

ఖరగ్‌పూర్ పూరీ గేట్ దగ్గర పోలమ్మ టీ కొట్టు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని గణపతిరావు ఈ మాట అన్నాడు. రైల్వే వర్క్‌షాపులో ముప్పయ్యారేళ్ళు రైలుపెట్టెలు బాగుచేసి రిటైరైన ఫిట్టరు, అక్కడి బెంగాలీవాళ్ళ మాటలో మిస్త్రీ. అప్పుడు సాయంత్రం ఐదు దాటింది. ఆరింటికి మేదినీపూర్ నుంచి పందిళ్ళ కంట్రాక్టరు వస్తాడు. ఈ ఏడు దసరా పందిరి అంతరిక్ష ఓడలా కట్టాలని కమిటీ తీర్మానించింది. థర్మాకోలుతో, రంగు దీపాలతో కట్టేస్తానని కంట్రాక్టరు అన్నాడు. కాదు, ఇనప రేకుతో నేను కడతాను అని గణపతిరావు పట్టుబట్టి, కమిటీ సెక్రటరీ వెంకటరావు వెనకాలే వారంరోజులుగా తిరుగుతున్నాడు. రైల్వే ఆఫీసు పని ముగించుకుని వచ్చిన వెంకటరావు, పని ఎవరికన్నది ఇవాళ ఇక్కడే తేల్చెయ్యాలి.

"నీ సొట్టేటి మామా? అదంతా గ్రాఫిక్సు," అన్నాడు దినకర్. గోల్‌బజార్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. కమిటీలో కంట్రాక్టరు తరఫున గట్టిగా మాట్లాడేదీ అతనే.

"గ్రాఫిక్సంట గ్రాఫిక్సు! ముందు ఇనరా. పోలమ్మా, నాకింకో టీ ఎయ్యి, పంచదార తగ్గించకు, శానా దూరం ఎల్లాల నాను. ఎంకటరావూ, నువ్వు గడియారం సూడకు బాబూ, ఆ కంట్రాక్టరు దాదా వచ్చీలోపల నా మాట అయిపోద్ది. రెండేళ్ళ కిందటి సంగతి. విశ్వకర్మ పూజ దినం. ఆ దినం వర్క్‌షాపు గేటు అందరికీ తీసీస్తారు గదా, పెళ్ళాం పిల్లలు సుట్టాలు పక్కాలు అందరూ లోపలికెల్లి సూస్తారు, నాను రిటైరైపోయినా ఆ దినం ఎల్లకుండా ఉండలేను. ఎల్లీసరికి ఏటున్నాది? పాత పెట్టెలు నిలబెట్టిన లైను కాడ బొంబాయి సినిమావోలు! తుప్పు పట్టిన పెట్టెకి ఫొటోలు తీస్తన్నారు. ఎందుకు దాదా ఈ తుప్పు అనడిగితే, మా అంతరిక్షం ఓడ మరీ కొత్తగా ఉండిపోనాది, ఈ తుప్పు తీసుకెల్లి కంప్యూటర్లో దానికి తొడుగుతాం అన్నారు. సరే, ఎండ మాడ్సీస్తందని ఒకడికి గొడుగు పట్టినాను. అంతే. అంతకన్నా నాను ఎక్కువ సెప్పను. నాకు కోతలు కోసీ అలవాటు నేదు."

"అబ్బే, లేదు," అన్నాడు వెంకటరావు.

"ఆ గొడుగు కింద ఉన్నోడే డైరెక్టరు! ఆ తర్వాత ఏటయిందో తెల్సా? ఒళ్ళో కంప్యూటరు తెరిసి, ఓడ పడిపోయిన సీను నాకు సూపించినాడు. అంకుల్, ఎలగుంది అన్నాడు. నాను ఒకసారి సూసినాను, రెండుసార్లు సూసినాను, మొహం మీదే సెప్పీసినాను. దాదా, నీ ఓడకి బరువు నేదు. ఖాళీ మైదాపిండి సంచి పడినట్టు పడతంది. నలభై టన్నుల పెట్టె క్రేను మీంచి దిగినపుడు సూసినావా ఎప్పుడైనా? ముందు ఇనుము మూలుగుతాది. తర్వాత రేకు వణుకుతాది. ఆ తర్వాత గాని నేల అదరదు. నీ ఓడ ముందు పేలిపోతంది, తర్వాత పడతంది. మనిషి ముందు సచ్చిపోయి, తర్వాత జబ్బు పడతాడేటి?"

దినకర్ టీ గ్లాసు నోటిదాకా తెచ్చుకుని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు.

"నోరు తెరిసేసినాడు డైరెక్టరు. ఆప్ హీ దిఖాయియే అంకుల్ అన్నాడు. నువ్వే సూపించమంటే ఊరుకుంటానేటి? రెండు కిలోల సుత్తి అందుకున్నాను. ఆ పాత పెట్టె తలుపు మీద ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటే దెబ్బ! ఆ సొట్ట సూసి నలభైమంది కంప్యూటరోలు లేసి నిలబడినారు. ఒక పిల్ల అయితే బోరుమనీసింది. ఆర్నెల్ల నుంచి కూకుని ఇదే సొట్ట గీస్తన్నాను అంకుల్, రానేదు అనీసి."

"నలభైమందే? వర్క్‌షాపులోకి వాళ్ళందరికీ పాసులెవరిచ్చారు బాబాయ్?" అన్నాడు వెంకటరావు.

"విశ్వకర్మ పూజరా నాయినా! ఆ దినం పాసు ఎవుడడుగుతాడు? రైల్వే ఆఫీసులో కూకుని ఆ మాత్రం తెలీదేటి? మద్దిలో అడ్డం రాకండి. ఆ సొట్టతో డైరెక్టరుకి ఆశ పుట్టింది. మొత్తం ఓడ నువ్వే సెయ్యి అన్నాడు. సేసీసినాను. ఆ పెట్టె కిటికీలు పీకి, మూతి మొనదేల్సి, రెండుపక్కలా రేకు రెక్కలు బిగించి, గంటన్నరలో ఓడ."

"ఒక్కడివే సేసినావేటి?" అన్నాడు దినకర్.

"ఒక్కణ్ణే. మిగతావోలు ప్రసాదం లైన్లో ఉన్నారు. క్రేను కొక్కెం తగిలించినాం, పైకి లేపినాం, నాను లోపలే ఉన్నాను, తలుపు బోల్టు సరిసూసుకోడానికి ఎక్కినాను. అంతలో కొక్కెం జారిపోనాది! కిందనున్న జనం ఓలమ్మో అని కేకలు. ఓడ పడిపోవాల గదా? పడనేదు. ఎందుకు పడనేదు? నాను కొట్టిన సొట్టలు అలాటివి. గాలి వాటిలో దూరి సిక్కుపోనాది, ఇంక బయటికి రానేదు. ఓడ అలగ తేలుకుంటా కప్పు దాటి, గేటు దాటి, గోల్‌బజార్ మీదకెల్లిపోనాది. ఆ దినం ఊరంతా గాలిపటాలే గదా, నా రెక్కలకి పన్నెండొందల గాలిపటాలు సుట్టుకుపోనాయి. ఆటితో ఓడ ఇంకా పైకి లేసింది. ఊరవతల సాలువా మీదకెల్లీసరికి కింద పోలీసు క్యాంపులో జవాన్లు పెరేడు సేస్తన్నారు. పైకి సూసినారు. ఎవుడో పెద్దాఫీసరు వస్తన్నాడనుకుని అందరూ ఒక్కసారే సెల్యూటు! మర్యాద తప్పకూడదు గదా, నానూ తిరిగి కొట్టినాను."

"ఇంక దిగు మామా. ఊపిరాడదక్కడ," అన్నాడు దినకర్.

"దిగడానికి డైరెక్టరు ఒప్పుకుంటేనా? ఫోను సేసినాడు. సిగ్నలు ఫస్టుగా వస్తంది, పైనున్నాను గదా. ఏడుస్తన్నాడు. అంకుల్, మా కథకి ఆఖరు కుదరడం నేదు, హీరో పది లోకాలు కాపాడి తిరిగొస్తాడు, ఎవుడికీ ఏడుపు రావడం నేదు అన్నాడు. ఓరి పిచ్చోడా అన్నాను. పది లోకాల జనం బతికితే ఎవుడేడుస్తాడు? నీకు ఆ జనం ఎవులో తెల్సా, నాకు తెల్సా? సైరను కొట్టినాక వర్క్‌షాపు గేటు కాడ ఎప్పుడైనా నిలబడినావా? ఒక దినం మా షాపులో దెబ్బ తగిలిందని కబురొచ్చింది, ఎవుడికన్నది తెలీదు. మా ఆవిడ టిఫిను కేరేజీ పట్టుకుని గేటు కాడ నిలబడింది. బయటికొచ్చిన ఒక్కొక్క మొహం సూస్తంది. నాను కనబడీదాకా సూసింది. నన్ను సూసినాక ఏటన్నాదో తెల్సా? అన్నం సల్లారిపోనాది అన్నాది. అంతే. అలాంటి మనిషిని ఒక్కత్తిని నిలబెట్టు నీ ఓడ దిగీకాడ, నీ లోకాలు నాకక్కర్నేదు అన్నాను."

ఎవరూ నవ్వకపోవడం గణపతిరావుకి నచ్చలేదు. గొంతు పెంచాడు.

"రాసీసినాడు! అక్కడికక్కడే రాసీసినాడు. హీరోయినుకి సదివి ఇనిపిస్తే ఆయమ్మ ఏడిసిన ఏడుపుకి గోల్‌బజార్లో నీళ్ళు నిలిసిపోయి, బుట్టల్లో సేపలు ఈదుకుంటా ఎల్లిపోనాయి. కావలిస్తే సేపలమ్మే దీదీలనడుగు. ఇంక ఒక్కటే మిగిలింది. సూర్యుడికి అడ్డంగా సందమామ రావాల, ఓడ ఆ నీడలోంచి బయటికి రావాల. ఆ సీనుకి కంప్యూటర్లో ఏడాది పడతాదన్నారు. ఏడాదేటి, ఏడు నిమిషాలు ఆగండి అన్నాను. అప్పటికి నాను శానా పైకెల్లిపోయినాను, కిందకి సూస్తే మన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఒక్కటే గీతలాగ కనబడతంది. సందమామ తన దారిన తను పోతంది. జేబులో ఎర్రగుడ్డ ఉంది. తీసి అడ్డంగా పట్టినాను. రైల్వేలో పుట్టినోడెవుడైనా ఎర్రజెండా సూస్తే ఆగాల. ఆగింది! సూర్యుడి ముందర ఆపి, కెమెరా పని అయిపోయీదాకా ఆపి, పచ్చజెండా సూపించి పంపించినాను. ఆ గ్రహణం సీను సూసి బొంబాయోలు, విదేశాలోలు, ఎంత బాగా సేసినారు గ్రాఫిక్సు అని సప్పట్లు కొడతన్నారు. నాను పేరు ఎయ్యొద్దన్నాను. ఇప్పుడు సెప్పు ఎంకటరావూ, సందమామని ఆపినోడు నీ పందిట్లో ఒక రేకు ఓడ కట్టలేడేటి?"

వెంకటరావు నవ్వు ఆపుకుంటూ గడియారం చూశాడు. ఆరుకి ఐదు నిమిషాలుంది.

గ్లాసులు కడుగుతున్న పోలమ్మ చెయ్యి తుడుచుకుని లేచింది.

"అన్నా, ఒక్క మాట. అది విశ్వకర్మ పూజ దినమే గదా?"

"ఎన్నిసార్లు సెప్పాల పోలమ్మా నీకు?"

"మరి సుత్తి ఎలగ ముట్టుకున్నావేటి?"

గణపతిరావు కాలు మీంచి కాలు దించాడు.

"మా ఆయన కమ్మరి షాపులో పాతికేళ్ళు సేసినాడు," అంది పోలమ్మ. "పొద్దున్నే సుత్తులు, పట్టుకార్లు, అన్నీ కడిగి, పసుపూ కుంకం పెట్టి, దేవుడి ముందర పెట్టీసేవోలు. మర్నాటిదాకా ఒక్కడు ముట్టుకునేవోడు కాదు. ఆ దినం ఇంట్లో గోడ మేకు ఊడిపోనా కొట్టనిచ్చేవోడు కాదు. నువ్వు దేవుడి ముందరున్న సుత్తి తీసి కొట్టినావా?"

"ఇంటి కాడి సుత్తి..." అని మొదలెట్టి గణపతిరావు ఆగిపోయాడు. ఇంటి దగ్గరి సుత్తికి కూడా ఆ రోజు వాళ్ళావిడే బొట్టు పెడుతుంది. ఆ సంగతి పూరీ గేట్‌లో అందరికీ తెలుసు.

"ముట్టుకున్నానని సెప్పీ మామా!" అన్నాడు దినకర్, పగలబడి నవ్వుతూ. "ఇంతదాకా సెప్పినావు, ఈ ఒక్కటీ సెప్పీ!"

"నోరుముయ్యరా ఎదవా! ఏది పడితే అది అనీగలమేటి?" గణపతిరావు బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ముట్టనేదు. ఆ దినం నాను సుత్తి ముట్టనేదు. గొడుగూ పట్టనేదు. ఫొటోలు తీసినకాడ తాడు కట్టి, అవతలికి పో అంకుల్ అన్నారు. అవతల నిలబడి సూసినాను. అంతే. సాలా?"

దినకర్ నవ్వు ఆగిపోయింది.

"అబద్ధాలాడినాను, సిగ్గుగానే ఉంది. అయినా పని నాకే ఇయ్యాల," అన్నాడు గణపతిరావు. "ముప్పయ్యారేళ్ళు సొట్టలు తీసినాను ఎంకటరావూ. సొట్ట బాగా తీసీస్తే అక్కడ సొట్ట ఉండేదనే ఎవుడికీ తెలీదు. జనం ఆ పెట్టెలోనే ఎక్కి ఎల్లిపోతారు. నా పని ఒక్కడికీ కనబడనేదు. ఒక్కసారి నాను సేసిందాన్ని జనం నిలబడి సూడాల. నా మనవలు దాన్ని సెయ్యెత్తి సూపించాల. నాకది కావాల. ఆ కంట్రాక్టరుకి ఊరుకో పందిరుంది. నాకిదొక్కటే."

వెంకటరావు తలొంచుకున్నాడు. దినకర్ గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"ఎంకటరావు బావా," అన్నాడు దినకర్, "సినిమాలో ఆ ఓడ నిజంగా మైదా సంచిలాగే పడతంది. మూడుసార్లు సూసినాను గానీ, అది ఎందుకు బాగోలేదో నాకు తెలీనేదు. ఆ బరువు మాట సెప్పినోడు థర్మాకోలు కన్నా బాగానే కడతాడు."

"కడతాడని నాకు తెలుసు," అన్నాడు వెంకటరావు. "నా భయం కట్టడం గురించి కాదు. సరే బాబాయ్, పని నీకే. ఒకటే షరతు. పూజ అయిదు రోజులూ పందిరి ముందు నిలబడి, అది ఎలా కట్టావో ఎవరికీ చెప్పకూడదు."

గణపతిరావు మొహం వెలిగి, వెంటనే వాడిపోయింది. "అయిదు దినాలా? ఎవుడైనా అడిగితే?"

"అడిగినా సరే."

"ఓర్నాయనో," అని గణపతిరావు మళ్ళీ బెంచీ మీద కూలబడ్డాడు. "ఠీక్ హై. సెప్పను."

అప్పుడే మోటారుసైకిలు ఆపి కంట్రాక్టరు దిగాడు. చేతిలో రంగుల బొమ్మల కాగితాలున్నాయి. పని వేరే వాళ్ళకి ఇచ్చేశామని, రప్పించినందుకు ఏమనుకోవద్దని వెంకటరావు బెంగాలీలో చెప్పాడు. కంట్రాక్టరు మొహం ముడుచుకుని, బెంచీ మీదున్న ముసలాయన్ని కిందినుంచి పైదాకా చూశాడు. ఇనప రేకుతో అంత ఓడ ఈయన కడతాడా, అసలు ఈయనెవరు అని అడిగాడు.

గణపతిరావు గబుక్కున లేచి, ఛాతీ విరిచి, నోరు తెరిచాడు. వెంకటరావు వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు. పెదాలు బిగబట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"మా మిస్త్రీ," అన్నాడు వెంకటరావు.