పరవని స్లీపర్లు

గల్ఫ్‌లోని కల్బా పట్టణంలో ఒక ఫ్లాటు. శనివారం ఉదయం. భోజనాల బల్ల మీద లాప్‌టాప్, ప్రింటర్. ఒకవైపు రోడ్డు పనుల ఫోర్‌మన్ జాన్‌బాబు, ఎదురుగా అమెరికన్ సిలబస్ స్కూల్లో పదకొండు చదివే అతని కూతురు ఎలీనా.

"తియ్యను."

"తియ్యవా?"

"తియ్యను డాడీ. కావాలంటే బయట షాపులో తీయించుకో. నా ప్రింటర్‌లోంచి మాత్రం ఆ కాయితం రాదు."

"నీ ప్రింటరా? ఎవరు కొన్నారే దాన్ని?"

"నువ్వే కొన్నావు. నా స్కూలు పనికి కొన్నావు. ఇర్షాద్ బాబాయ్ గొంతు కొయ్యడానికి కాదు."

"గొంతేంటి, కొయ్యడమేంటి? ఒక పేజీ స్టేట్‌మెంటు. మా మేనేజరు ముదీర్ పంపాడు. సంతకం పెట్టి పన్నెండింటికల్లా ఆఫీసులో ఇచ్చెయ్యమన్నాడు. పదిన్నరైంది. యల్లా, నొక్కు ఆ బటను."

"అందులో ఏం రాసుందో తెలుసా?"

"తెలుసు."

"ఇంగ్లీషులో ఉంది."

"తెలుసన్నానా!"

"అయినా తెలుగులో చెప్తా, విను. 'బుధవారం సాయంత్రం రోలర్ ఆపరేటర్ ఇర్షాద్, ఫోర్‌మన్ జాన్‌బాబు వద్దన్నా వినకుండా, తనంతట తానే సబ్ఖా నేల మీదకి రోలర్ తోలాడు. రోలర్ ఒరిగిపోవడానికి అతని నిర్లక్ష్యమే కారణం.' కింద నీ పేరు. సంతకానికి గీత."

"అయితే ఏంటంట?"

"ఏంటంటనా? ఆయన కాలు తీసేశారు డాడీ! మోకాలి కింద ఏం లేదు. పోయిన ఆదివారం ఇదే బల్ల దగ్గర కూర్చుని చేపల పులుసు రెండుసార్లు వేయించుకుని తిన్న మనిషి. ఇప్పుడు కేసు కూడా ఆయన మీదకే నెడతారా?"

"ఎవరి మీదకో ఒకరి మీదకి పోద్ది కేసు. పోకుండా ఉంటదా?"

"తప్పు చేసినోళ్ల మీదకి పోవాలి."

"అబ్బో, పెద్ద జడ్జిగారు! అసలు నేనక్కడ లేనే! రోలర్ ఒరిగినప్పుడు నేనెక్కడున్నాను? నీ స్కూల్లో, నీ ఎదురుగా, కుర్చీలో కూర్చునున్నా. దానికి నువ్వే సాక్షివి."

"నేనూ అదే అంటున్నా. లేని మనిషివి, ఆయన తనంతట తానే తోలాడని ఎలా సంతకం పెడతావు?"

"వచ్చే ముందు చెప్పొచ్చాను."

"ఏమని?"

"జాగ్రత్తని."

"జాగ్రత్తన్నావా? వద్దన్నావా?"

"రెండూ ఒకటేగా."

"ఒకటి కాదు. వద్దంటే రోలర్ ఆగుతుంది. జాగ్రత్తంటే కదులుతుంది. కాయితంలో వద్దన్నావని ఉంది. అన్నావా, లేదా?"

"నన్ను నిలబెట్టి అడుగుతున్నావా? తండ్రిని?"

"కూర్చోబెట్టే అడుగుతున్నాను. అన్నావా?"

"ఎహె, వదిలెయ్! నీ చదువు చూసుకో. రోడ్డు పని సంగతి నీకేం తెలుసు?"

"నువ్వు చెప్పినంతా తెలుసు. సబ్ఖా అంటే పైన ఉప్పు పెచ్చు, చూడ్డానికి సిమెంటులా గట్టిగా ఉంటది, కింద బురద. ముందు రైలు పట్టాల కింద వేసేలాంటి చెక్క స్లీపర్లు వరసగా పరిస్తేగానీ దాని మీదకి సైకిలు కూడా పోనివ్వనన్నావు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పావో లెక్కలేదు. నా ప్రాజెక్టంతా ఆ మాట మీదే నిలబడింది."

"మధ్యలో నీ ప్రాజెక్టెందుకు?"

"ఎందుకంటే బుధవారం స్కూలు పోటీలో నేను చెప్తున్నది అదే కాబట్టి! పద్దెనిమిదొందల పన్నెండులో ఒహాయో నుంచి డెట్రాయిట్ దాకా సైన్యం వేసుకున్న రోడ్డు. రెండొందల మైళ్లు. అడవి, చిత్తడి. వాళ్ల దగ్గర క్రేనుందా? లోడరుందా? గొడ్డళ్లు, ఎడ్లు, అంతే. ముందు యుద్ధం, వెనక జనరల్ తొందర. అయినా బండి దిగబడే చోటల్లా చెట్లు నరికి, దుంగలు అడ్డంగా పక్కపక్కన పరిచి, దాని మీద వెళ్లారు. ఆ దుంగలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. నదిలో నీళ్లు తగ్గితే బయటకి కనిపిస్తాయి."

"ఉంటాయి. నీళ్లలో ఉన్న చెక్కకి ఏం కాదు. గాలి తగిలితేనే పుచ్చిపోద్ది."

"అది కూడా నువ్వు చెప్పిందే! నేను మోడల్‌లో దుంగలు నిలువుగా అంటిస్తే, 'నిలువుగా పెడితే చక్రం రెండింటి మధ్య ఇరుక్కుంటదే పిచ్చిమొహమా' అని అన్నీ ఊడబీకి అడ్డంగా అంటించావు. అందరి ముందూ చెప్పాను, మా డాడీ ఇక్కడ రోడ్లేస్తారు, ఇదంతా ఆయన నేర్పిందే అని. నువ్వు ముందు వరసలో కూర్చుని తలూపావు. అమెరికన్ టీచరు నీ చెయ్యి కూడా పట్టుకుని ఊపింది."

"ఊపిందిలే."

"అదే టైముకి అక్కడ స్లీపర్లు లేకుండా రోలర్ దిగబడుతోంది. స్లీపర్లు ఎందుకు పరవలేదు? సైట్‌లో లేవా?"

"ఉన్నాయి."

"ఎక్కడ?"

"లారీలో."

"లారీలో పెట్టుకుని పరవలేదా? ఎందుకు?"

"ఎందుకంటే... ఫోర్‌మన్ దగ్గర లేకుండా స్లీపర్లు దించకూడదు. అది రూలు. నలభై స్లీపర్లు, ఒక్కోటి నలుగురు మనుషుల బరువు. ఎవడి మీదైనా పడితే?"

"అయితే రోలర్ ఆపెయ్యాలి."

"ఎలా ఆపుతారు? గ్రావెలుకి నీళ్లు కొట్టేశారు. తడి మీద ఆ రోజే తొక్కించాలి. లేకపోతే మొత్తం తవ్వి మళ్లీ పొయ్యాలి."

"సరే, అలా అయితే ఎవరో ఒకరు చెప్పుండాలి కదా, స్లీపర్లు వద్దు, అలాగే పోనివ్వమని. ఇర్షాద్ బాబాయ్ సొంతంగా పోనివ్వడు. పద్నాలుగేళ్ల ఆపరేటర్. ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పారు."

"ఎవరు?"

"ఎవరైతే ఏంటి?"

"ముదీరా?"

"నువ్వు ముందు కాయితం తియ్యి."

"ముదీరే! నాకు తెలుసు. ఫోన్ చేసి చెప్పుంటాడు, పని ఆగకూడదని. ఇప్పుడేమో పక్కకి తప్పుకుని, నీ చేత సంతకం పెట్టిస్తున్నాడు. నువ్వేమో సరే సార్, సరే సార్!"

"నోరు ముయ్! నేనెవడికీ సరే సార్ అనలేదు."

"మరి ఇదేంటి? దీన్నేమంటారు? భయం కాకపోతే?"

"భయమే! అవును, భయమే! నా ఉద్యోగం పోతే ఏంటో తెలుసా నీకు? మీ అమ్మ నర్సు జీతం మీద ఈ ఫ్లాటుంటదా, నీ స్కూలుంటదా? సామాన్లు సర్దుకుని వెళ్లి నరసాపురంలో ఏం చేస్తాం? నువ్వక్కడ ఏ కాలేజీలో కూర్చుంటావు, తెలుగు చదవడం కూడా సరిగ్గా రాదు నీకు!"

"నా పేరు అడ్డం పెట్టుకోకు."

"నీ పేరు కాకపోతే ఇంకెవరి పేరే? ఇదంతా ఎవరి కోసం?"

"నా కోసమైతే నాకొద్దు. బాబాయ్ కాలు పోయిందని రహమతున్నీసా పిన్ని కావలి నుంచి అమ్మకి ఫోన్ చేసి ఏడుస్తోంది. వాళ్లకీ ఆడపిల్లుంది. ఆ పిల్లకి స్కూలు అక్కర్లేదా?"

"నాకు తెలీదనుకుంటున్నావా? ఆ పిల్లకి పేరు పెట్టిన రోజు నేను కేకు కోయించాను. ఈ కల్బాలోనే, క్యాంపు రూములో."

"అలాంటి మనిషి మీద ఎలా పెడతావు సంతకం? నీకు చెయ్యెలా వస్తది?"

"వస్తది. రావాలి. నువ్వు ప్రింట్ తియ్యి."

"మా క్లాసులో నన్నొక ప్రశ్న అడిగారు తెలుసా? సైట్ నుంచి ఫోనొచ్చి నువ్వు వెళ్లిపోయాక. అంత కష్టపడి రోడ్డేసి ఏం సాధించారని. ఏం సాధించలేదని చెప్పాను. ఆ జనరల్ అక్కడికెళ్లి, పెద్దగా పోరాడకుండానే కోట శత్రువు చేతిలో పెట్టేశాడు. తర్వాత సైనిక కోర్టు పెట్టారు. మందుగుండు చాలదు, తిండి చాలదు, సైనికులు సరైనవాళ్లు కాదు అని ఏవేవో చెప్పుకున్నాడు. కోర్టు వినలేదు. మరణశిక్ష వేసింది."

"చంపేశారా?"

"లేదు. ముసలాడు, పాత యుద్ధంలో బాగా పోరాడాడని ప్రెసిడెంట్ క్షమించాడు. ఆ రోడ్డుని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. దుంగలు మోసినవాళ్ల పేర్లు ఒక్కటి దొరకలేదు నాకు. వారం రోజులు వెతికాను."

"చూశావా? పెద్దోళ్లకి ప్రెసిడెంట్లుంటారు. నన్నెవడే క్షమించేది?"

"నిన్నా? నిన్నెందుకు క్షమించాలి? నీ మాటెందుకొచ్చింది?"

"ఊరికే అన్నా. కోపంలో."

"ఊరికే అనలేదు. ఏంటి డాడీ?"

"ఫోను మోగుతోంది, చూడు. మీ అమ్మ."

"స్పీకర్‌లో పెడుతున్నా. హలో, అమ్మా! డాడీ ఎదురుగానే ఉన్నారు. నువ్వైనా చెప్పు ఈయనకి."

"ఉండమ్మా. ఏవండీ, వింటున్నారా? నేను ఇర్షాద్ వార్డు బయట నుంచే మాట్లాడుతున్నా. పోలీసులు ఇప్పుడే వచ్చి వెళ్లారు. ఇర్షాద్‌ని అడిగి అన్నీ రాసుకున్నారు."

"ఏం చెప్పాడు లీలా?"

"తప్పు నాదేనన్నాడండీ. స్లీపర్లు పరవమని జాన్‌బాబన్న చెప్పే వెళ్లాడు, నేనే బద్ధకించి అలాగే తోలాను అన్నాడు. నేను పక్కనే సెలైన్ మారుస్తున్నాను. నా వైపు చూడకుండా చెప్పాడు. మీరు నిజంగా పరవమన్నారా?"

"ఇంకేమన్నాడు?"

"పోలీసులు వెళ్లాక నన్ను పిలిచాడు. కాలు నొప్పంటాడేమోనని వెళ్లాను. 'వదినా, ఎలీనాకి ప్రైజొచ్చిందా?' అనడిగాడు. నాకేం చెప్పాలో తెలీలేదండీ. బయటకొచ్చేశాను. ఉంటాను, డాక్టరు రౌండ్స్‌కి వస్తున్నారు."

"అమ్మా! అమ్మా... పెట్టేసింది. విన్నావా డాడీ? బెదిరించారు. ముదీర్ మనుషులెవరో ఆస్పత్రికెళ్లి అలా చెప్పించారు!"

"ఎవరూ చెప్పించలేదు."

"నీకెలా తెలుసు?"

"వాడు బెదిరింపులకి లొంగే రకం కాదు."

"మరి చెయ్యని తప్పు నెత్తిన ఎందుకేసుకుంటాడు? పిచ్చా? నువ్వు పరవమని చెప్పలేదని నాకు తెలుసు. చెప్పుంటే మొదటే నా మొహాన కొట్టేవాడివి. ఆయన అబద్ధం చెప్తున్నాడు, నువ్వు అబద్ధం మీద సంతకం పెడుతున్నావు. ఎవర్ని కాపాడుతున్నారు మీరిద్దరూ? ఆ ముదీర్‌నా?"

"అరవకు."

"అరుస్తాను! నాకు సిగ్గేస్తోంది. నిజంగా సిగ్గేస్తోంది. అంతమంది ముందు నీ పేరు చెప్పుకున్నందుకు."

"ఎలీనా."

"ఏంటి?"

"ఆ కాయితం తీసెయ్. ఖలాస్. కొత్త పేజీ తెరువు."

"దేనికి?"

"నేను చెప్తా, నువ్వు ఇంగ్లీషులో కొట్టు. దాని మీద పెడతా సంతకం."

"నిజంగానా? మళ్లీ మాట మార్చవుగా?"

"తెరువు, నా మనసు మారక ముందే."

"తెరిచాను. చెప్పు."

"స్లీపర్లు సైట్‌కి వచ్చాయి. లారీలో ఉన్నాయి. రాశావా?"

"రాశాను."

"పరుద్దాం అని ఆపరేటర్ ఇర్షాద్ అడిగాడు. రెండుసార్లు అడిగాడు. రెండోసారి రోలర్ దిగి వచ్చి మరీ అడిగాడు."

"దిగొచ్చి అడిగాడా? ఇంత జరిగితే నువ్వు... సరే, రాశాను. తర్వాత?"

"అక్కర్లేదు, మెల్లగా పోనిచ్చుకో అని అతనికి చెప్పారు."

"ఎవరు చెప్పారు? పేరు రాయాలి. డాడీ, భయపడకు. ఏదైతే అదవుద్ది, నేనున్నాను, అమ్ముంది. ముదీర్ పూర్తి పేరు చెప్పు."

"ముదీర్ ఆ రోజు సైట్‌కే రాలేదు. ఫోను కూడా చెయ్యలేదు."

"మరి?"

"జాన్‌బాబు. ఫోర్‌మన్. రాయి."

"నువ్వా? సైకిలు కూడా పోనివ్వనన్న మనిషివి... నువ్వెందుకు అక్కర్లేదన్నావు?"

"దగ్గరుండి పరిపిస్తే ఆరవుద్ది తల్లీ. నువ్వు నాలుగింటికి రమ్మన్నావు."